రాత్రి ఆకాశమునకు ఛాయాపటము తీయువారి అలవాట్లు

మా పాఠశాల శాస్త్రపుగది గోడకు ఒక ఛాయాపటము వ్రేలాడుచున్నది. చూచుటకు గొప్పదేమియు గాదు. క్రింది అంచున ఒక తాటిచెట్టు తల, దానికి పైగా కొన్ని చుక్కలు, ఆ చుక్కల నడుమ మీదికి చీపురువలె విచ్చుకొన్న లేత వెలుగు, అంతే. ఆ వెలుగు 2024వ సంవత్సరము అక్టోబరు నెలలో సాయంకాలములందు పడమట గనబడిన సుచిన్షాన్-అట్లాస్ అను తోకచుక్క. చైనాదేశమందలి ఒక వేధశాలవారును, దక్షిణాఫ్రికాయందలి ఒక దూరదర్శినివారును 2023లో దానిని గనుగొనిరి గనుక ఆ రెండు పేర్లును గలిసి దానికి వచ్చినవి. అది అక్టోబరు 12వ తేదీన భూమికి రమారమి 7 కోట్ల కిలోమీటర్ల దూరమునకు వచ్చి మరలిపోయినది. ఇక వచ్చునా, రాదా యనుట జ్యోతిశ్శాస్త్రజ్ఞులకే సందేహము. వచ్చినను ఎన్నియో వేల యేండ్ల మాట.

అట్టిదానిని పటమున బట్టుటకు మేము, అనగా శాస్త్రసంఘపు విద్యార్థులు పదకొండుగురును ఇద్దరు ఉపాధ్యాయులును, మోమిన్‌పేటకు పడమటనున్న ఒక కంది చేనిగట్టుకు మూడు రాత్రులు పోయితిమి. మొదటి రాత్రి పటములన్నియు పాడయినవి. రెండవ రాత్రివి సగము పాడయి, తక్కిన సగము మంచుపాలయినవి. మూడవ రాత్రి తీసినవానిలో ముప్పదింటిని గలుపగా గోడమీది పటమొక్కటి నిలిచినది. దానిని చూచిన విద్యార్థులు "ఏ కెమెరాతో తీసితిరి?" అని యడుగుచున్నారు. తల్లిదండ్రులు "పిల్లలను చీకటిలో చేలవెంట ఏల త్రిప్పితిరి?" అని యడుగుచున్నారు. రెండవ ప్రశ్నయే మంచి ప్రశ్న. మొదటిదానికి మా యుత్తరము చిన్నది: మా కెమెరా ఒక పూర్వవిద్యార్థి వాడి విడిచి మాకిచ్చినది. మూడు రాత్రులును అదే కెమెరా, అదే కటకము. మారినవి మా యలవాట్లు మాత్రమే. ఈ వ్యాసములో ఆ యలవాట్లను గూర్చి వ్రాయుచున్నాము.

ముందుగా మన చోటు సంగతి. మోమిన్‌పేట హైదరాబాదునకు పడమటి దిక్కున, తిన్నగా గొలిచినచో 60 కిలోమీటర్లకు మించి యున్నది. ఐనను ఆ నగరపు దీపకాంతి మన తూర్పు ఆకాశపు టంచున రాత్రియెల్ల నంటుకొనియే యుండును. తెలియనివారు చూచి చంద్రోదయమగుచున్నదని యనుకొందురు. ఉత్తరమున సదాశివపేట దీపములు కొంత మేర కలవు. దక్షిణమున వికారాబాదు, దానికావల మూసీనది పుట్టిన అనంతగిరి కొండలు. పడమర మాత్రము మర్పల్లి వైపు చేలును తుప్పలును గావున చీకటి చిక్కగా నుండును. తోకచుక్క పడమటనే గనబడుట మన యదృష్టము. తూర్పున గనబడియుండినచో నగరకాంతిలో సగము తోక కరగిపోయియుండెడిది.

మన యక్షాంశము 17½ డిగ్రీలు. కావున ధ్రువనక్షత్రము ఉత్తరమున నేలకు 17½ డిగ్రీల యెత్తుననే యుండును, ఒక వేపచెట్టు చాలు దానిని మరుగుపరచుటకు. చలికాలమున దక్షిణమున వెలుగు అగస్త్యనక్షత్రము మిక్కిలి పైకి వచ్చినప్పుడు సుమారు 20 డిగ్రీలు. ఇంగ్లండు దేశమువారికి ధ్రువుడు చాల యెత్తున నుండును గాని అగస్త్యుడు కనబడనే కనబడడు. పాలపుంతలో మిక్కిలి కాంతిగల నడిమిభాగము లండనులో నేలకు పదిడిగ్రీలైనను లేవదు. మనకు 43 డిగ్రీలు లేచును. ఎండకాలపు తెల్లవారుజామున దానిని ఇంటిమిద్దెపైనుండి చూడవచ్చును. ఇట్టి యాకాశము మనకు గలదని మనలో ననేకులకు తెలియదు.

ఈ డిగ్రీలను గొలుచుటకు యంత్రమక్కరలేదు. చేయి చాచి పిడికిలి బిగించినచో దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. పిడికిలిమీద పిడికిలి పెట్టుకొనుచు నేలనుండి పైకి లెక్కించుకొనవచ్చును. మేము పగటివేళ ఆ చేనిగట్టున నిలిచి, సాయంకాలము తోకచుక్క ఎంత యెత్తున నుండునో పిడికిళ్లతో లెక్కవేసి, దానికి తాటిచెట్టడ్డు రాకుండునట్లు కెమెరా పెట్టవలసిన చోట మూడు రాళ్లు పాతితిమి. ఇది మొదటి రాత్రి చేయలేదు. చీకటిలో చోటు వెదకుటకే ముప్పావుగంట పోయినది. అంతలో తోకచుక్క చెట్లలోనికి దిగిపోయినది.

పగటివేళ పోవుటకు అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. రాత్రి మనము పోవునది ఒకరి చేను. ఆ యాసామిని ముందుగా నడిగి, ఏ దినమున, ఎందరము, ఎంతసేపుందుమో చెప్పవలెను. మేము పోయినప్పుడు ఆ పెద్దమనిషి, "చీకట్ల ఏం ఫోటోలు తీస్తరు బిడ్డా? ఏం కనవడ్తది?" అని నవ్వెను. మాలో ఒకడు, "పెద్దయ్యా, తోకచుక్క ఫోటో తీయనీకె వచ్చినం" అని చెప్పగా ఆయన మాతోగూడ చేనంతయు దిరిగి, గట్టులేని పాతబావి యెక్కడ నున్నదో చూపెను. అడవిపందుల బెడదకు కొందరు చేలచుట్టు కరెంటుతీగె లాగుట కలదనియు, తన చేన లేకున్నను ప్రక్క చేనికి పోవలదనియు చెప్పెను. ఆ తీగెలవలన మనుష్యులు చచ్చుటయు కలదు. తల్లిదండ్రుల ప్రశ్నకు మా యుత్తరమిదియే: పగలు చూడని చోటికి రాత్రి పిల్లలను తీసికొనిపోము. మొదటి రాత్రి అట్లు పోవుట మా తప్పు. దానిని ఇచ్చట నొప్పుకొనుచున్నాము.

ఇక చెప్పులు. కట్లపాము రాత్రి దిరుగునది. రక్తపింజర చేలగట్ల వెంటనే యుండును. మడమలు మూయు బూట్లు లేనివారిని రెండవ రాత్రినుండి వెంటబెట్టుకొనిపోలేదు. నడచుచున్నంతసేపు తెల్లని టార్చి కాంతి నేలమీద బడుచుండవలెను. ఇచ్చట ఆకాశపటములు తీయువారు కొందరు పొరపడుదురు. కన్ను చీకటికి చక్కగా నలవాటు పడుటకు ఇరువదినుండి ముప్పది నిమిషములు పట్టును. ఒక్కసారి తెల్లకాంతి బడినచో ఆ యలవాటంతయు పోయి మరల మొదలు పెట్టవలెను. నిజమే. కాని అందుకొరకు చీకటిలో నడువరాదు. మేము చేసిన యేర్పాటిది: నడచునపుడు తెల్లని టార్చి, ఒకచోట నిలిచిన పిదప ఎర్రని టార్చి. ఎర్రకాంతి చీకటికలవాటుపడిన కంటిని అంతగా చెరుపదు. గాలిపటములకు వాడు ఎర్రకాగితము రెండు పొరలు టార్చి నోటికి రబ్బరుతో గట్టినచో చాలును. ఖర్చు మూడు రూపాయలు గాలేదు.

మొదటి రాత్రి పటములేల పాడయినవో చెప్పవలెను. కటకముమీద దూరవస్తువులకు గుర్తుగా పండుకొన్న ఎనిమిదంకె యొకటి చెక్కియుండును. దానిని అనంతమందురు. చుక్కలు అనంతదూరమున నున్నవి గదా యని ఆ గుర్తు దగ్గర కటకమును నిలిపితిమి. వెనుకనున్న చిన్నతెరలో చూడగా చుక్కలు చక్కగానే యున్నట్లు తోచినవి. మరునాడు కంప్యూటరులో పెద్దవిచేసి చూడగా ఒక్కొక్క చుక్క కందిపప్పు బద్దయంత పొగమంచు ముద్దగా నుండెను. పెక్కు కటకములు ఆ గుర్తును దాటికూడ తిరుగును. వేడికిని చలికిని కటకపు భాగములు కొంచెము హెచ్చుతగ్గులగును గావున ఫోకసు సరిగా గుదురు చోటు గుర్తుకు ఇవతలనో అవతలనో యుండును. కావున గుర్తును నమ్మరాదు, చుక్కనే నమ్మవలెను.

అది యెట్లనగా: తనంతట ఫోకసు చేసికొను ఏర్పాటును ముందు ఆపివేయవలెను. చీకటిలో అది పట్టు దొరకక ముందుకు వెనుకకు గొట్టుకొనును. పిదప ఆకాశమున మిక్కిలి ప్రకాశించుదాని నొకదానిని ఎన్నుకొనవలెను. ఆ దినములలో పడమట నైరుతివైపు శుక్రుడును, వాయవ్యమువైపు స్వాతియు నుండెను. మేము స్వాతిని ఎన్నుకొంటిమి. తెరమీద దానిని పదింతలు పెద్దదిచేసి, కటకపు వలయమును మెల్లగా త్రిప్పుచు, చుక్క చిన్నదై, చిన్నదై, మరల పెద్దది కాసాగువరకు పోయి, ఆ పిదప కొంచెము వెనుకకు రావలెను. చుక్క మిక్కిలి చిన్నదిగా నున్న చోటే సరియైన చోటు. అచ్చట వలయము కదలకుండ కాగితపు టేపు నొక ముక్క యంటింపవలెను. గంటకొకసారి మరల పరీక్షింపవలెను. రాత్రి చల్లబడినకొలది ఆ చోటు జరుగును. ఈ పనికి ఓర్పు కావలెను. మాలో నెనిమిదవ తరగతి బాలిక యొకతె దీనిని మా యందరికంటె బాగుగ చేయుచున్నది. ఉపాధ్యాయుల కండ్లజోళ్లు ఇచ్చట నంతగా పనికిరాలేదు.

ఇక ఎంతసేపు కటకము తెరచియుంచవలెననునది. భూమి తన చుట్టు దాను దిరుగుటచేత ఆకాశము గంటకు 15 డిగ్రీలు, అనగా నాలుగు నిమిషములకొక డిగ్రీ, పడమటికి జరుగుచున్నట్లుండును. కదలని కెమెరా ఎక్కువసేపు తెరచియున్నచో చుక్కలు చుక్కలుగాక గీతలగును. పూర్వము ఫిలిం వాడిన దినములనుండి ఒక మోటలెక్క యున్నది: 500ను కటకపు నాభిదూరముచేత, అనగా కటకముమీద మిల్లీమీటర్లలో వ్రాసియుండు అంకెచేత భాగించినచో వచ్చునన్ని సెకండ్లు తెరవవచ్చును. మా కటకము 50 మిల్లీమీటర్లది. కాని మా కెమెరాలోని గ్రాహకఫలకము చిన్నది గనుక ఈ లెక్కకు దానిని 75గా దీసికొనవలెను. 500ను 75చే భాగింపగా ఆరున్నర సెకండ్లకు కొంచెము పైన వచ్చును. నేటి ఫలకములు ఫిలింకంటె సూక్ష్మముగా జూపును గావున అందులో సగము కొంచెమటునిటుగా చాలునని మా యనుభవము. మేము నాలుగు సెకండ్లు పెట్టితిమి. నాలుగు సెకండ్లలో వచ్చు వెలుగు కొంచెమే. అందుచేతనే ఒక్కటి గాక ముప్పది తీసి, చుక్కను చుక్కతో సరిపెట్టి కంప్యూటరులో గలిపితిమి. కలుపగా నిజమైన వెలుగు నిలిచి, ఫలకములో దానంతట బుట్టు చిల్లర మచ్చలు అణగును. చివర కటకపు మూత పెట్టి, అదే నాలుగు సెకండ్లచొప్పున పది నల్లపటములు తీయుట మరువరాదు. ఫలకపు స్వంత మచ్చలు వానిలో బడును గావున వానిని అసలు పటమునుండి తీసివేయవచ్చును. మొదట మాకిది వృథాశ్రమ యనిపించినది. రెండు విధముల చేసి చూచిన పిదప ఆ మాట మానితిమి.

సెల్లుఫోను తప్ప మరి సాధనము లేనివారు నిరుత్సాహపడవలదు. దానిని రెండిటుకల నడుమ కదలకుండ నిలిపి, పది సెకండ్ల టైమరు పెట్టి, రాత్రి పటములకని యందుండు ఏర్పాటుతో తీసినచో కృత్తికలను (మన యిండ్లలో పిల్లలకోడి యందుము) చక్కగా తీయవచ్చును.

కదలకుండుట యను మాట వచ్చినది. మూడుకాళ్ల స్టాండు దున్నిన నేలమీద నిలువదు, మెల్లగా క్రుంగుచుండును. ఒక్కొక్క కాలిక్రింద బల్లపరుపు రాయి పెట్టవలెను. కాళ్లను వీలైనంత పొట్టిగా నుంచి, నడుమ నీళ్లసీసాల సంచి వ్రేలాడదీయవలెను. మీట వ్రేలితో నొక్కినచో ఆ యదరు పటమున బడును గనుక రెండు సెకండ్ల టైమరు పెట్టి చేయి తీసివేయవలెను. ఇవన్నియు రెండవ రాత్రి చేసితిమి. చేసియు సగము పటములు పోయినవి. ఏలయనగా ఒకరి సెల్లుఫోను మ్రోగి, తెర వెలిగి, ఆ వెలుగు కటకమున బడినది. దాని నార్పబోవుచు వారు స్టాండు కాలు దన్నిరి. ఆ ఫోను విద్యార్థిది గాదని మాత్రము చెప్పుదుము. నాటినుండి చేనిగట్టు చేరగనే ఫోనులన్నియు ఒక సంచిలో వేసి, ఆపదవేళ కొకటి మాత్రము ఒక యుపాధ్యాయుని జేబులో నుంచుచున్నాము. స్టాండుచుట్టు తెల్లని ముగ్గుపిండితో ఒక వలయము గీసి, కెమెరా పట్టువాడు తప్ప మరెవ్వరును దానిలో నడుగిడరాదని కట్టడి చేసితిమి.

ఆ రాత్రియే మిగిలిన సగమును మంచు తినివేసినది. వానలు వెనుదీసిన అక్టోబరులో నేల తడిగా, ఆకాశము తేటగా నుండును. రాత్రి కటకపు గాజు చుట్టునున్న గాలికంటె చల్లబడి, దానిమీద కంటికి తెలియనంత పలుచగా తడి పేరును. వరుసగా తీసిన పటములలో చుక్కలు క్రమముగా మసకబారుచు పోయినవి. అది మబ్బనుకొని మేము మబ్బు పోవుటకై కూర్చుంటిమి! కటకమును ఒక్కసారి టార్చితో పరీక్షించియున్నచో తెలిసెడిది. తెలిసిన పిదప చొక్కా అంచుతో తుడిచిన మరింత పాడగును, తడి పూతగా పరచుకొనును. చేయవలసినదేమనగా ముందే నల్లని అట్టతో జానెడు పొడుగు గొట్టము చేసి కటకమునకు తొడుగుట, వేడినీళ్ల చిన్నసీసాను గుడ్డలో చుట్టి కటకపు క్రిందిభాగమున కానించి కట్టుట, తీయని వేళల మూత పెట్టుట. ఇంటికి వచ్చిన పిదప కెమెరాను వెంటనే సంచినుండి తీయరాదు. లోపలి వెచ్చని గాలి తడి దానిమీద పేరును. సంచి మూసియే తెల్లవారువరకు వదలిపెట్టవలెను.

ఇంతవరకు చెప్పినవన్నియు పటము బాగుగ వచ్చుటకు. ఇక చెప్పబోవునది వచ్చిన పటము పనికివచ్చుటకు. అది వ్రాతపుస్తకము. దీనిని మేమంతగా లక్ష్యపెట్టలేదు. మొదటి రాత్రి పటములలో ఒకదాని మూలను ఒక సన్నని కాంతిగీత యున్నది. అది ఉల్కయా? ఉపగ్రహమా? విమానమా? ఉపగ్రహమో విమానమో యైనచో తరువాతి పటమున ఆ గీత ముందుకు సాగవలెను, కాని అది మేము తీసిన కడపటి పటము. ఏ నిమిషమున తీసితిమో తెలిసినచో ఆ వేళ ఏ యుపగ్రహము ఆ దారిని పోయినదో వెదకి చూడవచ్చును. మేమేమియు వ్రాసికొనలేదు. కెమెరాలోని గడియారము చూతమనిన, అది దాని పూర్వపు యజమాని దినములనుండియే గంటలకొలది తప్పుగా నడచుచున్నది. ఆ గీత ఏమో ఇక నెన్నటికిని తెలియదు. మా పుస్తకములో మొదటి రాత్రికని వదలిన రెండు పుటలు నేటికిని ఖాళీగా నున్నవి.

వ్రాసికొనుటవలన ఏమి జరుగునో తెలియుటకు మనము దూరము పోనక్కరలేదు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగు అను ఆయన స్వంతధనముతో 1901లో ఒక వేధశాలను స్థాపించెను. అదియే నిజామియా వేధశాల. ఆయన మరణానంతరము 1908లో అది నిజాము ప్రభుత్వము క్రిందికి వచ్చి, పిమ్మట బేగంపేటలో నెలకొనెను. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు జేరెను. అంతకుమునుపు 1887లో పారిసు నగరమున పెక్కుదేశముల జ్యోతిశ్శాస్త్రజ్ఞులు గూడి, ఆకాశమంతటిని ముక్కలుగా బంచుకొని, ఒక్కొక్క వేధశాల ఒక్కొక్క ముక్కను గాజుపలకలమీద ఛాయాపటములుగా దీసి, చుక్కల స్థానములను గొలిచి అచ్చువేయవలెనని తీర్మానించియుండిరి. ఆ పంపకములో దక్షిణమున 17 డిగ్రీలనుండి 23 డిగ్రీలవరకు గల పట్టీని చిలీ దేశపు శాంటియాగో వేధశాల కిచ్చిరి. అచ్చట పని సాగలేదు. దానిని హైదరాబాదువారు దీసికొని 1914 మొదలు 1929 వరకు నడపిరి. అది ముగియకముందే, జర్మనీలోని పోట్స్‌డాం వేధశాలవారు పూర్తిచేయలేకపోయిన యుత్తరపు పట్టీలో 36నుండి 39 డిగ్రీలవరకు గల భాగమును గూడ చేపట్టి 1938 వరకు దీసిరి. రెండును గలిసి నాలుగు లక్షలకు పైబడిన నక్షత్రములు. ఈ కాలమున వేధశాలను నడపినవారు మొదట చాట్‌వుడ్, పిదప పోకాక్, పిమ్మట 1918 మొదలు 1944 వరకు టి. పి. భాస్కరన్.

వారి కటకము 8 అంగుళములది. పలక తెరచియున్నంతసేపు ఒకరు ప్రక్కదూరదర్శినిలో కన్నుంచి, ఒక చుక్కను అడ్డునిలువు తీగెల కూడలియందు నిలిపి, అది యించుకయు జరుగకుండ యంత్రమును దిద్దుచుండవలెను. మా నాలుగు సెకండ్లకు మేము విసిగితిమి! ఆ యుద్యమమున నక్షత్రపటములకని తీసిన దీర్ఘపలకలమీద ఒకే చోటిని మూడుమారులు, కొంచెము జరిపి జరిపి, చిన్న ముక్కోణముగా దీయుట పద్ధతి. ఏలయనగా ధూళికణమో గాజుమచ్చయో పలకమీద ఒక్క చుక్కగా బడును. నిజమైన నక్షత్రము మూడు చుక్కలుగా బడును. ఒక్క పటమును నమ్మరాదను నియమమును వారు ఆ విధముగా పాటించిరి. ఆ సంగతి ముందే తెలిసియున్నచో ఆ కాంతిగీతవద్ద మేము పని నిలిపియుండము.

ప్రతి పలకకును తేదీ, వేళ, తీసిన చోటు వ్రాసియుంచిరి. కొలిచిన స్థానములు సంపుటములుగా అచ్చుపడి చాలకాలము గ్రంథాలయములలో నుండెను. అంత శ్రమపడి తీసినది ఎవరికి పనికివచ్చినదని అడిగినవారును గలరు. కాని 1990 ప్రాంతమున ఐరోపావారి హిప్పార్కస్ ఉపగ్రహము నక్షత్రముల స్థానములను మరల గొలిచినప్పుడు ఒక కొరత గనబడెను. చుక్కలు తమంతట తాము ఏ దిక్కునకు ఎంత జరుగుచున్నవో తెలియవలెనన్నచో చాల యేండ్ల క్రిందటి స్థానములు కావలెను. అప్పుడు హైదరాబాదు సంపుటములను, తక్కిన వేధశాలల సంపుటములను బయటికి దీసి కంప్యూటరులోని కెక్కించి సరిపోల్చిరి. 2000 సంవత్సరమున వెలువడిన టైకో-2 అను ఇరువదియైదు లక్షల నక్షత్రముల పట్టిక అట్లు తయారైనది. బేగంపేటలో మంచులో గూర్చుండి తేదీయు వేళయు వ్రాసినవారిలో ఎవరును ఆ యుపగ్రహమును కలలోనైన నెరుగరు.

ఆ వేధశాలలో పనిచేసిన ఒకరి కుమారుడే వేణు బప్పు. నిజాం కళాశాలలో చదివి, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, 1949 జూలైలో అచ్చట తాను తీసిన పలకను పరీక్షించుచుండగా ఒక క్రొత్త తోకచుక్కను గనిపెట్టెను. దానిని సరిచూచిన బోక్, న్యూకర్క్ అనువారి పేర్లతో గూడ కలిపి దానికి బప్పు-బోక్-న్యూకర్క్ తోకచుక్కయని పేరిడిరి. తీసిన పలకను శ్రద్ధగా మూలమూలల వెదకి చూచుట ఆయనకు చిన్ననాటినుండి యింట నలవడిన పని యై యుండును. మేమిప్పుడు తీసిన పటములను మరునాటి సాయంకాలములోగా, ఇద్దరిద్దరము గూర్చుండి, నాలుగు మూలలును చూచి, చూచినట్లు పుస్తకమున చేవ్రాలు చేయుచున్నాము.

పుస్తకమున ఏమి వ్రాయుదుమనగా: తేదీ, చేతిగడియారపు వేళ (దానిని బయలుదేరుటకు ముందు సరిచేసికొందుము), చోటు, కటకము, తెరచిన సెకండ్లు, పటముల సంఖ్య, చంద్రుని స్థితి, మబ్బు, మంచు, వచ్చినవారి పేర్లు. కంప్యూటరులో పటమునకేమి చేసితిమో అదియు. గోడమీది పటములో తోక కాంతిని పెంచితిమి. కంటికి అది అంత స్పష్టముగా గనబడలేదు. ఆ సంగతి పటముక్రింద వ్రాసియున్నాము. ఒకచోటి చంద్రుని తెచ్చి మరియొకచోటి కొండమీద అతికించు పటములు నేడు ఎన్నియో తిరుగుచున్నవి. అట్టివి అందముగా నుండిన నుండవచ్చును గాని వానిని శాస్త్రపుగదిలో వ్రేలాడదీయము.

చంద్రుని గూర్చి ఒక మాట మిగిలినది. మొదటి రాత్రి మేము పోయినది పున్నమికి రెండు దినములముందు. దసరా సెలవులు ముగిసి అందరును చేరిరిగదాయని పోయితిమే గాని పంచాంగము చూడలేదు. ఆకాశమంతయు పాలు పోసినట్లుండెను. అక్టోబరు 17న పున్నమి. దాని తరువాత చంద్రుడు దినదినమునకు ఆలస్యముగా నుదయించుటచే, మూడవసారికి సంధ్యకాంతి పోయిన పిదప చంద్రోదయమునకు ముందు గంటసేపు చీకటి దొరికెను. గోడమీది పటము ఆ గంటలోనిది. తోకచుక్క అప్పటికి క్షీణించుచుండెను. ఐనను చీకటి దొరికినందున, కాంతిగా నున్న దినములలో కంటె తోక పొడవుగా బడినది. ఇంటిలో గోడపంచాంగము లేనివారెవరు? పోవుటకు ముందు దానిని చూచుటకు ఒక నిమిషము చాలును.

ప్రతి సంవత్సరము డిసెంబరు 13, 14 తేదీల రాత్రులందు మిథునరాశి దిక్కునుండి ఉల్కలు విరివిగా రాలును. చంద్రుని యడ్డులేని యేట మేము అదే చేనిగట్టునకు పోదుము, ఆసామి సమ్మతించియున్నాడు. రాదలచినవారు తండ్రి లేక తల్లి చేవ్రాలుగల చీటి తేవలెను. వసతిగృహపు పిల్లలు వార్డెనుగారి యనుమతి తేవలెను. బూట్లు, కంబళి, త్రాగునీళ్లు, ఎర్రకాగితము గట్టిన టార్చి వెంట నుండవలెను. ఫోను తెచ్చినచో సంచిలో వేయవలసివచ్చును. వ్రాతపుస్తకము శాస్త్రపుగది బీరువాలో రెండవ యరలో నున్నది, తాళపుచెవి శాస్త్రోపాధ్యాయుని యొద్ద అడిగి తీసికొనవచ్చును.